ఆ మరక తోమితే పోదు!

బడిలో గ్రూపు ఫొటో దిగే రోజు. ఫొటోగ్రాఫరు 'నవ్వండి' అంటాడు. ముందు వరసలో కూర్చున్న ఒకటో తరగతి బుడతలు పళ్లన్నీ బయటపెట్టి నవ్వేస్తారు. వెనక బెంచీ మీద నిలబడ్డ పెద్దపిల్లల్లో కొందరు మాత్రం పెదాలు బిగించేస్తారు. ఇంకొందరి చెయ్యి వాళ్లకు తెలియకుండానే నోటికి అడ్డం వెళ్తుంది. పళ్ల మీద గోధుమరంగు చారలు... వాటిని ఎవరూ చూడకూడదని ఆ పాట్లు!

అనంతపురం కరవు సీమలో బోరునీళ్లు తాగి పెరిగిన పల్లెల్లో ఈ దృశ్యం కొత్తదేమీ కాదు. 'పొద్దున్నే పళ్లు తోముకోవుగా, అందుకే అలా గార పట్టాయి' అని ఆ పిల్లల్ని పెద్దలు కసురుకోవడమూ కొత్త కాదు. తిట్లు పడలేక పాపం వాళ్లు మరింత గట్టిగా తోముతారు. బొగ్గుతో రుద్దుతారు. ఉప్పు, నిమ్మచెక్క పట్టిస్తారు. ఇటుకపొడినీ వదలరు. అయినా మరక పోదు. పోయేది మరక కాదు... పంటి మీది పింగాణీ పొర!

ఎందుకిలా? మరి అనంతపురం లాంటి చోట పళ్లను కాపాడుకోవాలంటే ఏం చేయాలి? టీవీ ప్రకటనల్లో కనిపించే బ్రష్షులూ పేస్టులూ ఇక్కడ ఎంతవరకూ పనికొస్తాయి?

గార రెండు రకాలు

పల్లెల్లో పంటి మీద ఏ మరక కనిపించినా 'గార' అనే అంటారు. నిజానికి అందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. 

మొదటిది అసలైన గార. తిన్న తర్వాత పళ్ల మీద జిగురుగా పాచి పేరుకుంటుంది. అందులో ఉండేదంతా సూక్ష్మజీవులే. ఎప్పటికప్పుడు తోమేస్తే అది పోతుంది. వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి రాయిలా గట్టిపడుతుంది. అదే గార. చిగుళ్ల అంచున, కింది ముందుపళ్ల వెనకాల ఎక్కువగా కడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక బ్రష్షుకు లొంగదు కానీ, దంతవైద్యుడు గీకి శుభ్రం చేస్తే వచ్చేస్తుంది. 

రెండోది ఫ్లోరోసిస్. ఇది పైన పట్టింది కాదు, పన్ను తయారయ్యేటప్పుడే లోపల జరిగిపోయిన నష్టం. చిన్నతనంలో తాగిన నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైతే పంటి పింగాణీ పొర గట్టిగా, నిండుగా తయారవదు. లోపల సన్నని ఖాళీలు మిగిలిపోతాయి. అలాంటి పన్ను మొలిచేటప్పుడు సుద్దముక్కలా తెల్లటి మచ్చలతో ఉంటుంది. ఆ తర్వాత తినేవాటిలోని, తాగేవాటిలోని రంగులు ఆ ఖాళీల్లోకి ఇంకి కొన్నేళ్లకు పసుపు, గోధుమరంగు చారలుగా మారతాయి. తీవ్రత మరీ ఎక్కువైతే పంటి మీద గుంటలు పడతాయి, అంచులు పెళుసుగా విరుగుతాయి. 

ఒకటో తరగతి పిల్లలు ధైర్యంగా నవ్వడానికి కారణం కూడా ఇదే. వాళ్లవి పాలపళ్లు. వాటి మీద ఫ్లోరైడు ప్రభావం కనపడటం తక్కువ. ఆరేడేళ్లకు పాలపళ్లు ఊడి అసలు పళ్లు వచ్చినప్పుడు సంగతి బయటపడుతుంది. కానీ ఆ పళ్లకు పునాది పడింది అప్పుడు కాదు... పాప పుట్టిన కొన్ని నెలల నుంచే చిగురు లోపల అవి తయారవుతూ వచ్చాయి. జ్ఞానదంతాలను పక్కన పెడితే, దాదాపు ఎనిమిదేళ్లు వచ్చేసరికి పళ్లన్నిటి పైపొరా తయారైపోతుంది. అంటే మరక పడే గండం ఆ ఎనిమిదేళ్లలోనే. ఆ తర్వాత ఎంత మంచినీళ్లు తాగినా పడ్డ మరక పోదు. ఎంత చెడ్డనీళ్లు తాగినా పంటిమీద కొత్త మరక పడదు. అయితే ఆ నీళ్లు అలాగే ఏళ్ల తరబడి తాగితే ఎముకలను, కీళ్లను దెబ్బతీస్తాయి. ఆ ముప్పు పెద్దవాళ్లకూ తప్పదు. 

రాయిలో పుట్టి నీటిలో కరిగి...

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 500 నుంచి 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతంగా దీనికి పేరు. 2022లో జిల్లాను విడదీసి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పాటుచేసినా మబ్బుల తీరు మాత్రం రెండు జిల్లాలకూ ఒకటే! 

చెరువులు నిండవు. ఊరబావులు ఎండిపోయాయి. ఇక మిగిలింది బోరు. వందల అడుగుల లోతు నుంచి తోడుతున్న ఆ నీళ్లు నల్లరాతి పొరల మధ్య ఎన్నో ఏళ్లుగా నిలవ ఉన్నవి. ఆ రాళ్లలో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలుంటాయి. నీరు ఎంతకాలం రాతిని అంటిపెట్టుకుని ఉంటే అంత ఫ్లోరైడు కరుగుతుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడును పట్టి కిందికి దింపేస్తుంది. ఇక్కడి బోర్లలో చాలాచోట్ల కాల్షియం తక్కువ, సోడా గుణం ఎక్కువ. దాంతో కరిగిన ఫ్లోరైడు కరిగినట్టే ఉండిపోతుంది. పైన వాన పడి లోపలికి ఇంకితే కొంత పలచబడేది. ఆ వానే లేకపాయె!

భారత ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకూ ఒప్పుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత కూడా 1.5 దగ్గరే. చిక్కేమిటంటే... ఫ్లోరైడుకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. చల్లగా, తేటగా, తియ్యగా ఉన్న నీళ్లలోనూ అది ఉండొచ్చు. పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు.

అమెరికాలోనూ ఇదే కథ

1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడే పుట్టి పెరిగిన వారి పళ్ల మీద గోధుమరంగు మరకలు చూసి ఆశ్చర్యపోయాడు. పంది మాంసం ఎక్కువ తినడం వల్లనీ, పాలు మంచివి కావనీ... ఊళ్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. మెకే మాత్రం ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి, ఇది నీటిలోనే ఉందన్న అనుమానానికి వచ్చాడు. 

1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరి తల్లిదండ్రులు ఆయన్ని పిలిపించారు. వేడినీటి బుగ్గ నుంచి ఊరికి గొట్టం వేశాక పిల్లల పళ్లు మరకలు పడుతున్నాయని వాళ్ల గోడు. ఆ గొట్టం వదిలేసి దగ్గర్లోని మరో ఊట నీరు వాడమన్నాడు మెకే. కొన్నేళ్లలోనే అక్కడి చిన్నపిల్లలకు మరకల్లేని పళ్లు వచ్చాయి. ఆ నీటిలోని దోషి ఫ్లోరైడేనని 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ తేల్చాడు. 

ఆరేళ్లు తిరిగేసరికి మన దగ్గరా అదే తేలింది. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ ఉందని షార్ట్, ఆయన సహచర వైద్యులు వెల్లడించారు. దేశంలో మనుషుల్లో ఈ జబ్బును గుర్తించి రాసిన తొలి నివేదికల్లో అది ఒకటి. అంటే ఈ బాధకు తెలుగునేలపై శతాబ్దానికి దగ్గర పడుతున్న చరిత్ర ఉంది.

ఓక్లీ తల్లిదండ్రులు చేసిన పనే, అంటే నీటిని మార్చడమే, అనంతపురంలో చాలా పెద్ద ఎత్తున జరిగింది. శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు 1994లో ప్రకటించి, 1995-96లో పూర్తిచేసిన మంచినీటి పథకం 700కు పైగా పల్లెలకు గొట్టాల ద్వారా నీరు చేర్చింది. దాని గుర్తుగా 1999 నవంబరులో తపాలా శాఖ ఒక స్టాంపు విడుదల చేసింది. ఆ తర్వాత 2012లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీరు జిల్లాకు చేరింది. 

అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. నీరు మారితే మేలు జరిగేది అప్పటికి ఇంకా తయారుకాని పళ్లకే. కొళాయి వచ్చేసరికి పదేళ్లున్న పిల్లవాడికి ఆ మరక జీవితాంతం తోడుంటుంది. పైపు పగిలి నాలుగు రోజులు నీళ్లు రాకపోతే జనం మళ్లీ బోరు దగ్గరికే బిందెలు పట్టుకెళ్తారు. ఆ నాలుగు రోజులూ నాలుగు నెలలైతే... పసిపిల్ల చిగుళ్ల లోపల లెక్క మారిపోతుంది.

వేపపుల్ల నుంచి నైలాన్ దాకా

ఒకప్పుడు సీమ పల్లెల్లో పొద్దున్నే వేపచెట్టు కిందో కానుగచెట్టు కిందో నిలబడి పుల్ల విరుచుకుంటే పళ్లు తోముకునే పని సగం అయినట్టే. లేదంటే కచ్చికల బూడిద, బొగ్గు. తర్వాత పళ్లపొడి వచ్చింది. పక్కనే ఉన్న మైసూరు సీమలో 1913లో మొదలైన సద్వైద్యశాల వారి నంజనగూడు పళ్లపొడి సరిహద్దు ఊళ్లలో బాగా పరిచయం. 

బ్రష్షు కథ వేరు. చైనాలో అయిదు శతాబ్దాల క్రితమే పంది వెంట్రుకలతో బ్రష్షులు చేశారు. ఇప్పుడు మనం వాడే నైలాన్ కుచ్చు బ్రష్షు 1938లో అమెరికాలో వచ్చింది. ఫ్లోరైడు పేస్టు పెద్ద ఎత్తున అమ్మకానికి వచ్చింది 1950ల్లో. 

మరి వేపపుల్ల చెడ్డదా? కాదు. మెత్తగా నమిలి కుచ్చు చేసుకుని నిదానంగా తోమితే పళ్ల ముందు భాగం శుభ్రపడుతుంది. కానీ దవడపళ్ల వెనక్కీ, పళ్ల లోపలి వైపుకూ, సందుల్లోకీ అది వెళ్లదు. పాచి ఎక్కువగా దాక్కునేది అక్కడే! బొగ్గు, ఇటుకపొడి, ఇసుక కలిసిన బూడిద మాత్రం కచ్చితంగా మానేయాల్సినవే. గరుకు పొడులు పింగాణీని అరగదీస్తాయి. ఫ్లోరోసిస్ ఉన్న పళ్లు అసలే పెళుసు. వాటి మీద నిమ్మరసం పులుపు, ఆపైన ఉప్పురాయి... పుండు మీద కారం చల్లినట్టే.

బఠాణీ గింజంత చాలు

ఇక్కడే చాలామందికి ఒక సందేహం. నీటిలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు పాడైతే, మళ్లీ ఫ్లోరైడున్న పేస్టు వాడమంటారేమిటి?

రెండింటికీ తేడా ఉంది. తాగిన ఫ్లోరైడు రక్తంలో కలిసి, తయారవుతున్న పంటిని చేరుతుంది. మొలిచిన పంటికి పైన తగిలే ఫ్లోరైడు మాత్రం పులిసిన ఆమ్లాల వల్ల పోయిన ఖనిజాలను మళ్లీ పట్టి నిలుపుతుంది, పుచ్చిపోకుండా కాపాడుతుంది. కాబట్టి పేస్టు పళ్లకు తగలాలి, పొట్టలోకి వెళ్లకూడదు. పెద్దవాళ్లు ఉమ్మేస్తారు. పసిపిల్లలకు ఉమ్మడం చేతకాదు. తియ్యగా ఉందని మింగేస్తారు. సమస్యంతా అక్కడే.

లెక్క చూద్దాం. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడు 1000 పీపీఎం దాటకూడదని నిబంధన. అంటే గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు పొడవునా వేస్తే దాదాపు ఓ గ్రాము అవుతుంది. పిల్లవాడు అదంతా మింగితే... ఫ్లోరైడు పరిమితి అంచున ఉన్న నీళ్లు ఒక లీటరు తాగినట్టే! అదే బఠాణీ గింజంత వేస్తే పావు గ్రాము. అందుకే మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత చాలంటారు దంతవైద్యులు. పక్కన పెద్దవాళ్లు నిలబడి ఉమ్మించాలి. ఊళ్లో నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని తేలితే, ఆరేళ్ల లోపు పిల్లలకు ఏ పేస్టు వాడాలో దంతవైద్యుణ్ని అడిగి నిర్ణయించుకోవడం మేలు. ఫ్లోరైడు ఎంతో ట్యూబు మీద రాసి ఉంటుంది. కొనేటప్పుడు చూసుకోవాలి.

ఒక్క గ్లాసు నీళ్లతోనే...

బిందె నీళ్ల కోసం వీధి చివర దాకా వెళ్లే ఇంట్లో కొళాయి వదిలిపెట్టి పళ్లు తోమడమన్న మాటే ఉండదు. అదృష్టవశాత్తూ మంచి అలవాట్లకు నీళ్లు పెద్దగా అక్కర్లేదు. 

మెత్తటి కుచ్చున్న బ్రష్షును చిగురూ పన్నూ కలిసేచోట కొంచెం ఏటవాలుగా పెట్టి, చిన్న చిన్న కదలికలతో రెండు నిమిషాలు తోమితే చాలు. గట్టిగా రుద్దితే శుభ్రమవుతుందన్నది భ్రమ. దానివల్ల చిగుళ్లు కిందికి జారి, పన్ను జివ్వుమంటుంది. తోమాక నురగ ఉమ్మేసి, ఎక్కువ పుక్కిలించకుండా వదిలేస్తే పేస్టు ప్రభావం కాసేపు నిలుస్తుంది. నీళ్లూ ఆదా. కుచ్చు విచ్చుకుపోతే, లేదంటే మూడు నెలలకోసారి బ్రష్షు మార్చాలి. ఇంటిల్లిపాదికీ ఒకే బ్రష్షు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. 

మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది రాత్రి తోమడం. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. పంటికి సహజంగా ఉండే కాపలా అదే. కాపలాదారు నిద్రపోయే సమయంలో సందుల్లో సంగటి ముద్దా చెనక్కాయ చట్నీ ఉంటే సూక్ష్మజీవులకు పండగే! పొద్దున ఒకపూట తప్పినా ఫరవాలేదు కానీ, రాత్రి మాత్రం తప్పకూడదు.

పళ్ల సందుల్లో శుభ్రం చేసుకోవడానికి సన్నని దారం, అదే ఫ్లాస్, ఇప్పుడు పట్టణాల్లోని మందుల దుకాణాల్లో దొరుకుతోంది. దానికి నీటిచుక్క అక్కర్లేదు. సందులు పెద్దగా ఉన్నవారికి బుల్లి సీసాబ్రష్షుల్లాంటివి నయం. పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టి పొడుచుకోవడం మాత్రం చిగుళ్లకు చేటు. కరెంటు బ్రష్షులు సోకు కోసమేనని కొట్టిపారేయక్కర్లేదు. కీళ్లు బిగుసుకుపోయి చెయ్యి తిప్పలేని ముసలివాళ్లకు అవి మంచి ఆసరా. నోరు పుక్కిలించే మందుల్లో క్లోర్‌హెక్సిడిన్ ఉన్నవి వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడాలి. ఎక్కువకాలం వాడితే అవీ పళ్లకు గోధుమరంగు పట్టిస్తాయి. నాలుక గీసుకోవడంలో మాత్రం మనకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. కొబ్బరి ఈనెతో గీసుకున్న తాతల కాలం నుంచీ ఉన్నదే.

తిండి సంగతీ చూసుకోవాలి. చెనక్కాయల సీమలో బెల్లంపాకం ఉంటలకు కొదవ లేదు. 2020 నుంచి బడి భోజనంలోనూ చిక్కీ చేరింది. బలమైన తిండే, మానేయక్కర్లేదు. కాకపోతే పాకం పళ్లకు అతుక్కుపోయి గంటల తరబడి ఉంటుంది. తిన్న వెంటనే ఒక గుక్క నీళ్లు నోట్లో తిప్పి మింగేసినా చాలు. వక్కాకు అలవాటు మాత్రం అంత తేలిక కాదు. వక్క వల్ల బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరవలేని జబ్బు వస్తుంది. పొగాకు కలిస్తే నోటి క్యాన్సర్ ముప్పు మరింత.

మరిగిస్తే పోతుందా?

నీళ్లు కాచి తాగితే అన్ని దోషాలూ పోతాయని నమ్మకం. ఫ్లోరైడు విషయంలో అది తారుమారు. మరిగేకొద్దీ నీరు ఆవిరై, ఫ్లోరైడు మరింత చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్లు, అతినీలలోహిత కిరణాల యంత్రాలు కూడా దాన్ని ఆపలేవు. ఆర్వో యంత్రం, యాక్టివేటెడ్ అల్యూమినా వడపోత ఆపుతాయి. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుక్కి దింపే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దాని పేరే 'నల్గొండ పద్ధతి'. వాననీళ్లలో ఫ్లోరైడు దాదాపు ఉండదు కాబట్టి, పడిన కొద్ది వాననూ శుభ్రమైన మిద్దె మీంచి తొట్టిలోకి పడితే అంతకన్నా మంచినీరు లేదు. 

ఒక్క జాగ్రత్త. తాగడానికి క్యాను నీళ్లు తెచ్చి, వంటకు బోరునీళ్లు వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. సంగటీ అన్నమూ పప్పూ ఉడికేది నీటిలోనే. చంటిపిల్లలున్న ఇంట్లో వంటకూ మంచినీళ్లే వాడాలి. ఇంట్లో అందరికీ సరిపడా లేకపోతే మొదటి వంతు ఎనిమిదేళ్ల లోపు పిల్లలది. పాలు, పెరుగు, రాగుల్లాంటి కాల్షియం ఉన్న తిండి ఫ్లోరైడు ఒంట్లోకి చేరడాన్ని కొంత తగ్గిస్తుంది. 

పడిన మరకకు మందు లేదా?

మరక పడ్డవారు ఇక జీవితమంతా నోరు మూసుకునే ఉండక్కర్లేదు. లేత మరకలైతే పైపొరను అతి పలచగా నునుపు చేసే చికిత్స ఉంది. అవసరమైతే ఆపైన వైద్యుడి దగ్గరే తెల్లబరిచే పద్ధతి. గుంటలు పడి, అంచులు విరిగిన పళ్లకు పంటిరంగు పదార్థం నింపుతారు. తీవ్రమైతే పంటి మీద పలచటి తొడుగు అమరుస్తారు. ఇవేవీ ఫ్లోరోసిస్‌ను నయం చేయవు, కప్పిపుచ్చుతాయి. అయితే పెళ్లిచూపుల్లో తలెత్తి మాట్లాడలేని అమ్మాయికి, ఇంటర్వ్యూలో నవ్వలేని కుర్రాడికి అది చిన్న సంగతేం కాదు. కొన్ని చికిత్సలు ఖరీదైనవే. అందుకే ముందు జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రిలో దంతవైద్యుడికి చూపించుకుని, ఏది అవసరమో తెలుసుకోవడం మేలు. బడిపిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్యబృందాలు 2013 నుంచి పళ్లనూ చూస్తున్నాయి. వాళ్లు వచ్చినరోజు పిల్లల్ని బడి మాన్పించకపోతే చాలు. 

ఇంతకంటే ముందు, పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే చేయగలిగిన వైద్యం ఒకటుంది. 'సరిగ్గా తోముకోవు' అని ఆ పిల్లల్ని తిట్టడం మానేయడం. ఆ మరక వాళ్ల బద్ధకానికి గుర్తు కాదు. వాళ్లకు ఊహ తెలియని వయసులో, గొంతెండి ఏడుస్తుంటే అమ్మ ప్రేమగా పట్టించిన నీళ్ల గుర్తు. అమ్మ తప్పూ కాదు... ఆమెకు దొరికినవి అవే.

అదే ఇంట్లో ఇప్పుడు ఇంకో పసిపాప ఉంటుంది. పాలపళ్లతో బోసిగా నవ్వుతూ ఉంటుంది. తన అసలు పళ్లు చిగుళ్ల లోపల ఇవాళే తయారవుతున్నాయి. తన గ్లాసులోకి ఏ నీళ్లు వంచుతున్నారో చూసుకుంటే, ఇంకో పదేళ్లకు బడి ఫొటోలో ఆ పాప వెనక వరసలో నిలబడి కూడా హాయిగా నవ్వేస్తుంది.